అదను

సేద్యానికీ సంగీతానికీ సంబంధం ఏమిటని అడిగితే నాట్ల పాటలూ కోతల పాటలూ ఉన్నాయి గదా అంటారు ఎవరైనా. నేను చెప్పబోయే సంబంధం అది కాదు. సేద్యంలో అదను అనే మాట ఒకటుంది. విత్తడానికి అదను, నాటడానికి అదను, కలుపు తీయడానికి అదను. ఆ రోజు దాటిపోయాక ఎంత ఎరువు చల్లినా, ఎంత నీరు పెట్టినా చేను మళ్ళీ ఆ చేను కాదు. మాది దివిసీమలో కాలవ చివరి పొలం. ఇలాంటి వాటిని శివారు భూములంటారు. పై ఊళ్ళ వాళ్ళు తడుపుకోగా మిగిలిన నీరే మాకు. కాలవకు మొత్తం ఎంత నీరు వదిలారన్న లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. వర్షపాతం సగటుకు సరిపోయిందని వార్తల్లో చెప్పినప్పుడల్లా మా నాన్న "సగటు వాన మన చేలో కురవదురా" అంటాడు.

ఆయన ఏడో తరగతితో బడి మానేసినవాడు. కంప్యూటర్ చేత అప్పటికప్పుడు సంగీతం పలికించేటప్పుడు వచ్చే చిక్కుల్లో చాలా వాటికి తాళంచెవి ఆయన మాటలోనే ఉందని నాకు బి.ఎస్సీ. రెండో ఏడు చివర్లో తెలిసింది. ఈ వ్యాసం ఆ చిక్కుల గురించే. గేయాల మధ్య, కథల మధ్య ఈ చిటపటల గోల ఏమిటని పుట తిప్పెయ్యకండి. ఇందులో ఒక మనిషి పరువు కూడా ఉంది.

మా హాస్టల్ వంట మాస్టారిని ఎరగనివారు ఈ సంచిక పాఠకుల్లో తక్కువ. ఇరవై ఆరేళ్ళుగా ఆయన చేతి పప్పుచారు తిని ఎందరో ఎక్కడెక్కడికో వెళ్ళారు. ఆయన వయసులో ఉండగా పద్యనాటకాలు ఆడేవారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. తెనాలి ప్రాంతపు సమాజాల్లో తిరిగి, కాటిసీనులో హరిశ్చంద్రుడు వేసిన మనిషి. సమాజాలు ఒక్కొక్కటే చితికిపోతే గరిటె పట్టుకున్నారు. పొద్దున్నే పొయ్యి దగ్గర ఆయన తనలో తాను రాగం తీస్తుంటే, వరసలో కంచాలు పట్టుకొని నిలబడ్డ మేము కదిలేవాళ్ళం కాదు. ఆయన రిటైరయ్యే ఏడాది వచ్చింది. వార్షికోత్సవంలో ఇరవై నిమిషాలు ఆయనకిద్దామని విద్యార్థి సంఘం వారు తీర్మానించారు.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు.

"ఇప్పుడు పద్యం ఎవరింటారు బాబూ, ఈలలేస్తారు" అన్నారు. మేము వదలకపోతే చివరికి ఒక షరతు పెట్టారు. "పక్కన పెట్టె ఉండాల. మద్దెలో నన్ను వదిలెయ్యకూడదు. నా గొంతు తప్పితే నా తప్పు. పెట్టె తప్పినా నా తప్పే అనుకుంటారు జనం."

పెట్టె అంటే హార్మోనియం. కాలేజీ హార్మోనియం తిత్తులు ఎలుకలు ఎప్పుడో కొట్టేశాయి. బయటనుంచి వాద్యగాణ్ణి పిలిపిస్తే ఆయన అడిగిన సంభావన సంఘం వారికి అందలేదు. మా గది మిత్రుడు చిన్నప్పటినుంచి భజన మండలిలో హార్మోనియం వాయించినవాడు. వాడి దగ్గర సెకండ్ హాండ్‌లో కొన్న మిడి కీబోర్డు ఉంది. దానిలో సొంత గొంతు లేదు, మెట్లు మాత్రమే. ఎవరో సీనియర్ రాసి వదిలి వెళ్ళిన ప్రోగ్రాం ఒకటి సంఘం గదిలోని పాత లాప్‌టాప్‌లో ఉంది. మెట్టు నొక్కితే హార్మోనియం ధ్వని, వెనకాల తంబుర శ్రుతి, కాస్త గుడి మంటపంలో మోగినట్టు ప్రతిధ్వని, ఇవన్నీ లెక్కగట్టి స్పీకరుకు పంపుతుంది. కాని వాయిస్తుంటే మధ్యమధ్య చిటపటమంటుంది. నాకు ఫిజిక్స్ లాబ్‌లో నోటు పుస్తకం శుభ్రంగా రాస్తానని పేరు. అందుకని "ఒరేయ్, ఈ చిటపటల సంగతి నువ్వు చూడు" అని నన్ను కూర్చోబెట్టారు.

చిక్కు అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. 1957లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో మాక్స్ మాథ్యూస్ అనే ఇంజనీరు రాసిన ప్రోగ్రాంతో ఐబీఎం 704 యంత్రం 17 సెకన్ల సంగీతం పలికింది. కంప్యూటర్ సంగీతానికి అది అక్షరాభ్యాసం. అయితే ఆ యంత్రం ధ్వనిని అప్పటికప్పుడు పలకలేదు. అంకెలన్నీ తాపీగా లెక్కగట్టి టేపు మీదికి రాస్తే, తరవాత ఆ టేపు నడిపి విన్నారు. ఒక్క సెకను పాటకు ఎన్ని నిమిషాలు లెక్కగట్టినా అడిగేవాడు లేడు. చిటపటలు పుట్టే అవకాశమే లేదు, ఎందుకంటే గడువే లేదు. గాయకుడు పక్కన నిలబడి స్వరం కోసం ఎదురుచూసినప్పుడే గడువు పుడుతుంది.

ఇక మిడి. 1980ల మొదట్లో ఒక కంపెనీ కీబోర్డు మాట ఇంకో కంపెనీ యంత్రానికి అర్థమయ్యేది కాదు. అమెరికాలో డేవ్ స్మిత్, జపాన్‌లో ఇకుతారో కకేహాషి అనే ఇద్దరు పట్టుబట్టి ఉమ్మడి భాష తెచ్చారు. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన వాద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు వేరువేరు కంపెనీల వాద్యాలను తీగతో కలిపితే, ఒకదాని మెట్లు నొక్కినప్పుడు రెండోది పలికింది. 2013లో ఆ ఇద్దరికీ గ్రామీ వారి సాంకేతిక పురస్కారం వచ్చింది. కకేహాషి 2017లోనూ స్మిత్ 2022లోనూ పోయారు. వారు పెట్టిన భాష మాత్రం నలభై ఏళ్ళు దాటినా ఇంకా నడుస్తూనే ఉంది.

మిడి తీగలో ధ్వని ప్రవహించదు. "60వ మెట్టు నొక్కారు, ఇంత జోరుగా నొక్కారు" అనే కబురు మాత్రమే వెళుతుంది. ఒక కబురుకు మూడు బైట్లు. ఒక్కొక్క బైటు ముందొక బిట్టు, వెనకొక బిట్టు కలుపుకొని పది బిట్లు. సెకనుకు 31,250 బిట్ల వేగం. అంటే ఒక బైటుకు 320 మైక్రోసెకన్లు, ఒక కబురుకు 960. కొంచెం తక్కువ ఒక మిల్లీసెకను అనుకోండి. ఈ లెక్క గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

కబురు అందాక కంప్యూటర్ ధ్వనిని తయారుచెయ్యాలి. ధ్వని అంటే దానికి అంకెల వరస. మా ప్రోగ్రాంలో సెకనుకు 48,000 అంకెలు. వీటిని ఒక్కొక్కటిగా స్పీకరుకు అందించడం కష్టం గనుక కొన్ని కొన్ని కలిపి ఒక బఫర్‌లో పోస్తారు. మా పెరట్లో కూరపాదులకు నీరు పెట్టే తొట్టి లాంటిదే బఫర్. అలాంటి తొట్లు రెండున్నాయనుకోండి. ఒకదాని అడుగు గొట్టంనుంచి నీరు ఒకే ధారగా పోతుంటుంది. అది ఖాళీ అయ్యేలోగా మనం రెండోది నింపాలి. నింపలేకపోతే ధార తెగుతుంది. స్పీకరులో అలా ధార తెగడమే చిటపట.

తొట్టి పెద్దదైతే ధార తెగదు గదా అంటారా? నిజమే. కాని పెద్ద తొట్టిలో ఇప్పుడు పోసిన నీరు గొట్టం చివరకు రావడానికి ఎక్కువసేపు పడుతుంది. 1024 అంకెల తొట్టి ఒకటి ఖాళీ కావడానికి 21.3 మిల్లీసెకన్లు. రెండింటికీ కలిపి సుమారు 43. అదే 64 అంకెల తొట్లయితే రెండింటికీ కలిపి మూడు మిల్లీసెకన్లు కూడా పట్టదు. చిన్న తొట్టి పెడితే తెగుతుంది, పెద్దది పెడితే ఆలస్యం. ఈ రంగంలో దిగిన ప్రతివాడూ మొదట తలకొట్టుకొనేది ఈ గోడకే.

మొదటి రిహార్సల్ హాస్టల్ వంటింట్లోనే పెట్టాం. 64 తొట్టితో మొదలుపెట్టగానే మాస్టారు చెవి పక్కకు తిప్పి, "ఏం బాబూ, పెట్టెలో పేలాలు ఏయిస్తన్నారా?" అన్నారు. 1024కు మార్చాం. పేలాలు ఆగిపోయాయి. నాలుగు పాదాలు పాడి ఆపేశారు. "ఇప్పుడు పెట్టె నా ఎనకమాల నడుస్తంది. అది సరే, అలవాటు చేసుకుంటా. కాని ఒక మెట్టు ఎంటనే వస్తంది, ఇంకోటి ఆలీసంగా వస్తంది. అది మాత్రం నా వల్ల కాదు."

ఆ రాత్రి ఈ మాట గురించి నేను చాలాసేపు ఆలోచించాను. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 43 మిల్లీసెకన్ల ఆలస్యమంటే హార్మోనియం పదిహేను మీటర్ల అవతల, ఎనిమిది బారల దూరాన, పెట్టి వాయించినట్టు. అది ఎప్పుడూ అంతే దూరంలో ఉంటే గాయకుడు సర్దుకోగలడు. ఒక స్వరానికి దగ్గరికీ ఇంకో స్వరానికి దూరానికీ గెంతే హార్మోనియంతో ఎవడు పాడగలడు? ప్రోగ్రాం విప్పి చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మెట్టు నొక్కిన కబురు ఏ క్షణాన వచ్చినా దాన్ని తరవాతి తొట్టి మొదట్లోనే పలికిస్తోంది. తొట్టి నిండడానికి కాస్త ముందొచ్చిన కబురు వెంటనే పలుకుతుంది, కాస్త వెనకొచ్చినది 21 మిల్లీసెకన్ల దాకా ఆగుతుంది. గమకం వేగంగా వేసినప్పుడు స్వరాలన్నీ మెట్లు విరిగిన నిచ్చెనలా వస్తాయి. దీనికి మందు తెలిసిందే. ప్రతి కబురుకూ వచ్చిన సమయం తగిలించి, తొట్టిలో సరిగ్గా ఆ స్థానంలోనే స్వరాన్ని మొదలుపెట్టించాలి. అప్పుడు ఆలస్యం ఉంటుంది గాని అన్ని స్వరాలకూ ఒకటే ఉంటుంది. ఆ మార్పు చేశాక మాస్టారు తల ఊపారు. యంత్రం మీద కొలవకముందే చెవితో రెండు రకాల తప్పులను విడదీసి చెప్పిన మనిషికి మా డిపార్టుమెంటులో ఏ డిగ్రీ ఇవ్వాలో నాకు తెలియదు.

ఇక తొట్టిని 256కు తగ్గించాలి. రెండింటికీ కలిపి 10.7 మిల్లీసెకన్లు. అంటే రెండు బారల దూరం. నాటకం స్టేజి మీద హార్మోనిస్టు అంత దూరంలోనే కూర్చుంటాడు. కాని 256కు రాగానే పేలాలు మళ్ళీ మొదలయ్యాయి. వింత ఏమిటంటే, లాప్‌టాప్ తెర మీద ప్రాసెసర్ భారం మూడోవంతు కూడా చూపించడం లేదు. మూడింట రెండు వంతులు ఖాళీగా కూర్చున్న యంత్రం గడువుకు పని ఇవ్వలేకపోవడం ఏమిటని మా మిత్రుడు కోప్పడ్డాడు.

నాన్న మాట గుర్తొచ్చింది ఇక్కడే. తెర మీద కనిపించేది సగటు. సెకను మొత్తం మీద ఎంత తీరిక ఉందో చెబుతుంది. స్పీకరుకు సగటుతో పని లేదు. దానికి ప్రతి 5.33 మిల్లీసెకన్లకూ ఒక తొట్టి నిండాలి, సెకనుకు నూట ఎనభై ఏడుసార్లకు పైగా, ఒక్కటీ తప్పకుండా. నూట ఎనభై ఆరుసార్లు ముందే నింపి ఒక్కసారి పదో మిల్లీసెకనుకు నింపితే సగటు బ్రహ్మాండంగా ఉంటుంది, హాల్లో మాత్రం చిటుక్కుమంటుంది. అదను తప్పిన ఆ ఒక్కసారి కారణం పట్టుకోవాలి.

కారణం ఒకటి కాదు గనుక ఒక్కొక్కటిగా విడదీశాం. నోటు పుస్తకంలో ఒక నియమం రాసుకున్నాను: ఒకసారికి ఒకటే మార్చాలి, ప్రతిసారీ పది నిమిషాలు నడిపి ఎన్నిసార్లు ధార తెగిందో రాయాలి.

మొదటి పరీక్ష మెట్లేమీ నొక్కకుండా ఒట్టి శ్రుతి మీద. అప్పుడూ తెగింది. పైగా ఇంచుమించు ఒకే ఎడంతో తెగింది. వాయించేవాడు చెయ్యి కట్టుకొని కూర్చున్నప్పుడు కూడా వస్తున్నదంటే రోగం సంగీతంలో లేదు. వైఫై ఆపాం. ఆ లయబద్ధమైన తెగులు పోయింది. చుట్టుపక్కల నెట్‌వర్కులు ఏమున్నాయో వెతుక్కోవడానికి దాని డ్రైవరు అప్పుడప్పుడు ప్రాసెసర్‌ను పట్టుకొని వదలడం లేదన్నమాట. తరవాత విద్యుత్తు పొదుపు. పని తక్కువగా ఉందనిపించగానే ప్రాసెసర్ తన వేగం తగ్గించుకొని నిద్రకు పడుతుంది, లేపితే లేవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఎప్పుడూ పూర్తి వేగంలో ఉండమని ఆజ్ఞాపించాం. ఇంకొన్ని తగ్గాయి.

రెండో పరీక్ష మెట్ల మీద. ఒక్కొక్క మెట్టు నొక్కితే బాగానే ఉంది, మూడు మెట్లు కలిపి నొక్కితే చిటుక్కు. కీబోర్డు తీగ ఇరుకైపోయిందని అందరూ దాన్ని అనుమానించారు. ఇందాకటి లెక్క చూడండి. మూడు కబుర్లకు మూడు మిల్లీసెకన్లు కూడా పట్టవు. తీగ ఆలస్యం చేస్తే చెయ్యవచ్చు గాని చిటపటలు పుట్టించలేదు. రుజువు కోసం, వాయించిన కబుర్లను ఫైలులో దాచి, కీబోర్డు ఊడదీసి, ఫైలునుంచే వాయించాం. అదే చోట చిటుక్కుమంది. తీగ నిర్దోషి.

దోషం ప్రోగ్రాంలో దొరికింది. కొత్త స్వరం మొదలైనప్పుడల్లా అది సిస్టంను మెమరీ అడుగుతోంది. మామూలుగా అడిగిన వెంటనే దొరుకుతుంది, ఒక్కొక్కసారి ఆగమంటుంది. వాన పడ్డాక విత్తనాల కోసం సొసైటీ ముందు వరసలో నిలబడ్డట్టు! విత్తనాలు రోహిణి కార్తెలోనే గాదెలో ఉండాలి. ముప్ఫై రెండు స్వరాలకు కావలసిన మెమరీ ప్రోగ్రాం మొదట్లోనే తీసుకొని పెట్టుకొనేలా మార్చాం. పైగా ఆ ప్రోగ్రాం నొక్కిన ప్రతి మెట్టునూ డిస్కు మీద చిట్టా రాసుకుంటోంది. ఆ పని ధ్వని దారిలోంచి తీసి వేరే దారికి పంపాం.

ఇంకొకటి మిగిలింది. ఎవరైనా తెర మీద కిటికీ కదిపితే చిటుక్కుమనేది. ధ్వని పనికి అందరికన్నా ముందు పీట వెయ్యమని సిస్టంకు చెప్పాం గదా, మరి ఇదేమిటి? ధ్వని, తెర ఒకే పట్టిక చదువుతున్నాయి, దానికి ఒకే తాళం. తెర గీసే పని తాళం పట్టుకొని ఉండగా మధ్యలో ఇంకేదో పని వచ్చి దాన్ని పక్కకు నెడుతోంది. తాళం మాత్రం దాని చేతిలోనే ఉండిపోతోంది. అందరికన్నా పెద్దపీట వేసుకున్న ధ్వని ఆ తాళం కోసం గుమ్మం దగ్గర నిలబడాల్సి వస్తోంది.

సరిగ్గా ఇదే తగాదా అంగారక గ్రహం మీద వచ్చింది. 1997 జులై 4న దిగిన పాత్‌ఫైండర్ నౌకలోని కంప్యూటర్ మాటిమాటికీ తనను తాను మళ్ళీ మొదలుపెట్టుకొనేది. వాతావరణ వివరాలు సేకరించే చిన్న పని తాళం పట్టుకొని ఉండగా మధ్యస్థమైన పని దానికి అడ్డొచ్చేది. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఆ తాళం కోసం కాచుకొని గడువు దాటేది. తాళం పట్టుకున్నవాడికి, దానికోసం ఎదురుచూస్తున్న పెద్దవాడి హోదా తాత్కాలికంగా ఇప్పించే మీట ఒకటుంది. భూమి మీదనుంచే దాన్ని వేసి బాగుచేశారు. మేము తాళమే లేకుండా చేశాం. తెరకు వేరే నకలు ఇచ్చాం. మాస్టారికి పాత్‌ఫైండర్ కథ చెబితే, "అక్కడిదాకా ఎల్లింది గాని వరస పాటించడం రాలేదా" అన్నారు. అన్నట్టు, లైనక్స్‌లో ఇలాంటి కచ్చితమైన గడువుల కోసం ఏళ్ళ తరబడి విడిగా ఉంటూ వచ్చిన మార్పులు 2024లో ప్రధాన కెర్నల్‌లో కలిశాయి.

అంతా అయిపోయిందనుకొని పూర్తి రిహార్సల్ పెట్టాం. పద్యాలన్నీ శుభ్రంగా సాగాయి. మధ్యలో మాస్టారు వచనం చెబుతున్నారు. హార్మోనియం ఆగింది, వెనక ఒక్క తంబుర శ్రుతి మోగుతోంది. సుమారు పదిహేను సెకన్లు గడిచాక ఆ శ్రుతి పగిలిపోవడం మొదలుపెట్టింది. మళ్ళీ మెట్టు నొక్కగానే బాగైపోయింది! పని చేస్తుంటే బాగుండి, ఖాళీగా ఉంటే జబ్బుపడే యంత్రాన్ని నేను అదే చూడటం.

రెండు రాత్రులు పట్టింది ఇది తెలియడానికి. దోషి ప్రతిధ్వని. హార్మోనియం ఆగినా ప్రతిధ్వని చుట్టూ తిరుగుతూ చుట్టుకు కొంత చొప్పున తగ్గుతుంది. మన చెవికి రెండు మూడు సెకన్లలో ఆగిపోతుంది, గణితానికి ఆగదు. తగ్గి తగ్గి ఆ అంకె, పైన 1, కింద 1 పక్కన 38 సున్నాలున్న భిన్నం కన్నా చిన్నదవుతుంది. 1985లో స్థిరపడిన ఫ్లోటింగ్ పాయింట్ గణిత ప్రమాణం ప్రకారం అంతకన్నా చిన్న అంకెలను కూడా ఒక ప్రత్యేకమైన రూపంలో దాచవచ్చు. అలాంటి అంకెలను గుణించాలంటే చాలా ప్రాసెసర్లు మామూలు గుణకారం కన్నా ఎన్నో పదుల రెట్లు ఎక్కువ కాలం తీసుకుంటాయి. ఎవరికీ వినిపించని ధ్వని కోసం యంత్రం చెమటోడుస్తూ, వినిపించే శ్రుతిని వదిలేస్తోంది. అంత చిన్న అంకెలను సున్నాగా లెక్కించమని చెప్పే మీట ప్రాసెసర్‌లోనే ఉంది. అది వేశాక నిశ్శబ్దం నిజంగా నిశ్శబ్దమైంది.

స్టేజి మీద ఇంకో తమాషా. లాప్‌టాప్ చార్జరు పెట్టి మైకు సెట్టుకు కలపగానే గుయ్యిమని మోత. అది లెక్కల తప్పు కాదు, రెండు చోట్ల ఎర్త్ కలిసి తీగల్లో 50 హెర్ట్జ్ కరెంటు తిరగడం. మిడి రూపొందించినవారు ఈ ప్రమాదం ముందే ఊహించారు. అసలు మిడి తీగలో కబురు కాంతి రూపంలో ఒక చిన్న ఖాళీని దాటి అవతలికి పోతుంది, రెండు వైపుల విద్యుత్తూ కలవదు. మా మోత చార్జరు దారిన వచ్చింది. చార్జరు పీకితే మోత పోయింది గాని, బాటరీ మీద పడగానే ప్రాసెసర్ మళ్ళీ పొదుపు మొదలుపెట్టింది! పూర్తి వేగం ఆజ్ఞ బాటరీకి కూడా వర్తించేలా మార్చాం. బ్లూటూత్ స్పీకరు పెడితే తీగల గోలే ఉండదని ఒకరు సలహా ఇచ్చారు. సాధారణంగా దానిలో ఆలస్యం వంద మిల్లీసెకన్లు దాటుతుంది. ముప్ఫై నాలుగు మీటర్ల పైమాట, హాలు బయట కూర్చొని వాయించినట్టే.

వార్షికోత్సవం నాడు మాస్టారు పాత జరీ కండువా వేసుకొని వచ్చారు. వెనక వరసల్లో మొదట ఈలలు వచ్చిన మాట నిజం. రెండో పద్యానికి ఆగాయి. కాటిసీను రాగం ఎత్తుకొని ఆయన పైకి వెళుతుంటే మా మిత్రుడి వేళ్ళు వెంటపడ్డాయి. నేను తెర చాటున లెక్క చూస్తూ కూర్చున్నాను. ఇరవై రెండు నిమిషాల్లో ధార ఒక్కసారి తెగింది. ఎందుకు తెగిందో ఇప్పటికీ తెలియదు. ఆ సమయానికి ఆయన గొంతు తారస్థాయిలో ఉంది, చిటుకును మింగేసింది. దిగి వచ్చాక ఆయన అన్నది ఒకే మాట: "వదల్లేదు బాబూ పెట్టె." మర్నాడు పొద్దున ఇడ్లీల దగ్గర ఆయన మామూలుగానే ఉన్నారు. వరసలో నిలబడ్డవాళ్ళు మాత్రం ఆయన్ను చూసే చూపు మారింది.

ఈ వ్యవహారమంతా అయ్యాక నాకు సగటు అనే మాట మీద గౌరవం తగ్గింది. హాస్టల్లో నాలాంటి వాళ్ళకు స్కాలర్‌షిప్పు వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే రావలసింది వస్తుంది, కాగితం మీద లెక్క సరిపోతుంది. కాని ఫీజు కట్టవలసిన తేదీ ముందు, డబ్బు తరవాత. ఆ మధ్య కాలంలో ఒకడు వడ్డీకి తెస్తాడు, ఒకడు పరీక్ష మానేస్తాడు. కాలవ చివరి చేనుకు నీరు ఆలస్యంగా వచ్చినట్టే. పైన లెక్కలు చూసేవారికి మూడోవంతు భారమే కనిపిస్తుంది, తెగిన ధార చివర ఉన్నవాడికే వినిపిస్తుంది. రేపు మనలో కొందరు ఆ లెక్కల బల్లల వెనక కూర్చోబోతున్నారు. "మొత్తం ఎంత ఇచ్చాం?" అని అడగడంతో ఆగకుండా, "ఎన్నిసార్లు అదను తప్పాం, ఎవరికి తప్పాం?" అని కూడా అడుగుతారని నా ఆశ.

బాగుచేసిన ప్రోగ్రామూ నా నోటు పుస్తకమూ సంఘం గదిలో బీరువా రెండో అరలో ఉన్నాయి. వచ్చే ఏడు ఎవరైనా వాయించదలిస్తే మొదటి పుటలో వరస రాసి పెట్టాను: వైఫై ఆపు, పూర్తి వేగం పెట్టు, చార్జరు పీకు, 256 తొట్టి, అన్నిటికన్నా ముందు పాడేవాణ్ణి పిలిచి ఒకసారి వినిపించు.